కుడి మోకాలు మార్పించుకున్నాను, కారు ఎప్పుడు నడపొచ్చు?

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు. రిటైర్డ్ టీచర్‌ని, రాజమండ్రిలో ఉంటాం. కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. వాకర్ వదిలేశాను. ఇంట్లో కర్ర లేకుండానే తిరుగుతున్నాను, బయటికెళ్తే మాత్రం చేతికర్ర ఉండాల్సిందే. మోకాలు బాగానే వంగుతోందని ఫిజియోథెరపీకి వచ్చే అబ్బాయి అంటున్నాడు. మా ఆయనకి డ్రైవింగ్ రాదు. ఏళ్ళ తరబడి కారు నేనే నడుపుతున్నాను, గేర్ల స్విఫ్ట్. బ్యాంకుకైనా, ఆయన్ని షుగర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్నా నేనే. డల్లాస్‌లో ఉన్న మా తోడికోడలు ఎడమ మోకాలు చేయించుకుని మూడో వారానికే కారు తీసిందట, "నువ్వింకా ఇంట్లోనే కూర్చున్నావా" అంటోంది. సర్జన్‌గారు "ఆరు వారాల రివ్యూలో చూద్దాం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయి "ఇంక నీకు డ్రైవింగ్ ఎందుకమ్మా, కారు అమ్మేద్దాం" అంటున్నాడు. వచ్చే నెలాఖరున విశాఖలో మేనకోడలి పెళ్ళి. అప్పటికి నేనే నడుపుకుంటూ వెళ్ళగలనా? ఇంట్లో పాత స్కూటీ కూడా ఉంది, దాని సంగతేంటి?

జవాబు: టీచర్‌గారూ, ముందు మీ తోడికోడలి లెక్క పక్కన పెట్టేయండి. ఆవిడ చేయించుకున్నది ఎడమ మోకాలు. అమెరికాలో స్టీరింగ్ ఎడమవైపు ఉన్నా బ్రేకు, యాక్సిలరేటరు రెండూ కుడికాలి కిందే ఉంటాయి. పైగా అక్కడ బండ్లు దాదాపు అన్నీ ఆటోమేటిక్. అంటే ఆవిడ కారులో ఎడమకాలికి పనే లేదు, కూర్చుని రావడం తప్ప. మత్తునిచ్చే నొప్పి మాత్రలు ఆగిపోయి, కారు ఎక్కడం దిగడం వచ్చేస్తే అలాంటివాళ్ళు రెండు మూడు వారాలకే స్టీరింగ్ పట్టుకోవడం మామూలే. మీకు చేసింది బ్రేకు వేసే కాలికి. ఇక్కడ పోటీ పెట్టుకోకండి.

అదే ఆవిడ మన ఊళ్ళో గేర్ల బండి నడిపేదైతే ఆవిడకీ మూడు వారాలు కుదిరేది కాదు. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి పట్టుకోవడం, వదలడం, మళ్ళీ తొక్కడం ఎడమ మోకాలికి చిన్న పనేం కాదు.

కుడి మోకాలికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలంటారు. ఆరు దాకా ఆగమనేవాళ్ళే ఎక్కువ. మీ సర్జన్‌గారిదీ అదే మాట. ఒక్క ముక్కలో చెప్పారని నొచ్చుకోకండి, చెప్పింది సరైనదే. కాకపోతే ఆరు వారాలు నిండగానే బండి తీసేయమని దాని అర్థం కాదు. అంతకుముందు వద్దని మాత్రమే. ఆ తర్వాత తీయొచ్చా లేదా అన్నది మీ కుడిపాదం ఎంత చురుగ్గా కదులుతోందో దాన్నిబట్టి ఉంటుంది.

బాగానే నడుస్తున్నాను కదా, నడపలేనా అనుకుంటారు చాలామంది. నడిచేటప్పుడు వేగం మన చేతిలో ఉంటుంది. కలుక్కుమంటే ఒక్క క్షణం ఆగుతాం, గోడ పట్టుకుంటాం. సందులోంచి పిల్లాడు సైకిల్ మీద దూసుకొచ్చినప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. పాదం యాక్సిలరేటరు మీంచి లేవాలి, పక్కకి జరగాలి, బ్రేకు మీద గట్టిగా పడాలి, బండి ఆగేదాకా అదే బలంతో నొక్కి పట్టుకోవాలి. ఈ పనంతా ఎక్కువగా తొడ ముందుభాగంలోని కండరానిదే. మోకాల్లో వాపున్నంత కాలం ఆ కండరం పూర్తి బలంతో పనిచేయదు. మీకు ధైర్యం లేక కాదు, వాచిన కీలుని కాపాడుకోవడానికి నరాలే దాన్ని కొంత బిగబట్టి ఉంచుతాయి. దానికి తోడు నొప్పేస్తుందేమోనన్న జంకు.

ఈ రెండూ కలిసి మీ దగ్గర్నుంచి లాక్కునేది ఒక అరసెకను కావచ్చు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. అరసెకనంటే ఏడు మీటర్లు. ఒకదాని వెనక ఒకటి నిలబెట్టిన రెండు ఆటోల పొడవు దాటేస్తారు, అదీ ఇంకా బ్రేకు పడకుండానే. హైవే మీద వేగం పెరిగినకొద్దీ ఈ దూరమూ పెరుగుతుంది.

ఈ విషయం మీద పరిశోధనలు చాలానే జరిగాయి. రోగుల్ని కారు నమూనాలో కూర్చోబెట్టి, ఎర్రలైటు వెలగగానే ఎంతసేపట్లో బ్రేకు తొక్కుతున్నారో ఆపరేషన్‌కి ముందూ, తర్వాతా కొలిచారు. కుడి మోకాలు చేయించుకున్న చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల మధ్య మునుపటి వేగం తిరిగొచ్చింది. ఇక్కడో మెలిక ఉంది. మునుపటి వేగం అంటే అరిగిపోయిన మోకాలితో ఉన్నప్పటి వేగం. ఆపరేషన్‌కి ముందు ఆరునెలలు మీరు బ్రేకు ఎలా తొక్కేవారో ఒక్కసారి గుర్తుచేసుకోండి. కాబట్టి "ఎప్పట్లానే ఉంది" అనిపించడం చాలదు, అంతకంటే బాగుండాలి. వ్యాయామం మానకపోతే ఉంటుంది కూడా.

ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. డైనింగ్ కుర్చీలో కూర్చుని, పాదాలు ఆనే చోట నేలమీద జానెడు ఎడంతో రెండు టేపు ముక్కలు అంటించండి. కుడివైపుది యాక్సిలరేటరు, ఎడమవైపుది బ్రేకు. కుడిపాదం యాక్సిలరేటరు మీద పెట్టుకుని టీవీ చూస్తూ ఉండండి. మాస్టారుగారు మీ వెనకాల పేపరు చదువుకుంటూ, తనకి తోచినప్పుడు ఉన్నట్టుండి "బ్రేక్" అనాలి. (ఆయన మాస్టారో కాదో మీరు రాయలేదు, టీచర్‌గారి ఇంట్లో ఉన్నారు కాబట్టి అలా అనేశాను.) ఎప్పుడంటారా అని చెవులు రిక్కించి కూర్చుంటే పరీక్ష తప్పినట్టే, రోడ్డు మీద ఎవరూ ముందు చెప్పి అడ్డం రారు. మాట వినగానే పాదం లేచి బ్రేకు టేపు మీద గట్టిగా పడాలి. తర్వాత టేపులు అటూ ఇటూ మార్చి ఎడమకాలితో కూడా చేసి చూడండి. తేడా మీకే కాదు, మాస్టారుగారికీ కనబడుతుంది. కాలు ఎత్తేముందు ఒళ్ళు వెనక్కి వాలుతున్నా, చెయ్యి తొడ కిందికి పోతున్నా, పళ్ళు బిగుస్తున్నా ఇంకొన్నాళ్ళు ఆగాలన్నమాట. నేనూ ఫిజియోథెరపిస్టునే కాబట్టి చెబుతున్నాను, మోకాలు ఎంత వంగుతోందో కొలవడం మాకు తేలిక. మీ ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అబ్బాయి "బాగా వంగుతోంది" అంటే అది నిజమే. వంగడం కారులో కూర్చోవడానికి సరిపోతుంది. కాలు ఎంత చకచకా కదులుతోందో వేరే చూడాలి, అతన్ని అడిగి ప్రత్యేకంగా చూపించుకోండి.

రివ్యూలో సర్జన్‌గారు సరేనన్నాక ఆగి ఉన్న కారులో కూర్చోండి. ఇంజన్ ఆపి బ్రేకు తొక్కితే మొదటి ఒకటి రెండుసార్లు మెత్తగా దిగి, తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. అది మీ కాలి లోపం కాదు, ఇంజన్ నడిస్తేనే బ్రేకుకి సాయం అందుతుంది. ఆ బిగుసుకున్న పెడల్ మీద బలపరీక్ష పెట్టుకోకండి. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజన్ స్టార్ట్ చేసి అప్పుడు తొక్కి చూడండి. పూర్తిగా నొక్కి ఓ పది సెకన్లు పట్టుకోగలగాలి.

తర్వాత ఊరి బయటికి. ఈ రోజుల్లో ప్రతి ఊరి చుట్టూ ప్లాట్లు వేసి, తారురోడ్లు పోసి, ఇళ్ళు కట్టని వెంచర్లు బోలెడున్నాయి. మన లేఅవుట్ల వల్ల జరిగే మేలు ఇదొక్కటేనేమో. అక్కడిదాకా ఇంకెవరైనా నడిపి, అక్కడ మీరు స్టీరింగ్ తీసుకోండి. వెనక ఏ బండీ లేదని చూసుకుని, 20, 30 వేగంలో వెళ్తుండగా పక్కనున్నవాళ్ళు "ఆపు" అంటే ఒక్కసారిగా ఆపగలగాలి. నాలుగైదుసార్లు ఆపాక కూడా మొదటిసారి ఉన్నంత బలం ఉందా, మోకాలు సలుపుతోందా, మర్నాటికి వాపు పెరిగిందా అన్నది ముఖ్యం. మర్నాడు వాపు రాకపోతే మెల్లగా ఊళ్ళోకి రండి, ముందు రద్దీ లేని వేళల్లో.

కుడికాలికి శ్రమ ఎందుకని ఎడమకాలితో బ్రేకు వేసేవాళ్ళు కొందరున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఏళ్ళ తరబడి క్లచ్ తొక్కిన ఎడమకాలు కంగారులో క్లచ్‌లాగే బ్రేకునీ అడుగంటా తొక్కేస్తుంది, వెనకొచ్చే లారీ మీదికి వస్తుంది. ఆటోమేటిక్ బండి కొనమని సలహా ఇచ్చేవాళ్ళూ ఉంటారు. ఎడమ మోకాలి వాళ్ళకి అది ఉపయోగమే గానీ మీకు అంత డబ్బు పెట్టడం దండగ, బ్రేకు అందులోనూ కుడికాలిదే.

మాత్రల సంగతి చాలామంది పట్టించుకోరు. మీ మందుల స్ట్రిప్పులు తీసి చూడండి. ట్రమడాల్ ఉందా? రాత్రిపూట ఇచ్చే ప్రెగాబాలిన్ గానీ గాబాపెంటిన్ గానీ ఉందా? ఇవి మగతనీ, తల తిరగడాన్నీ తెస్తాయి. రాత్రి వేసుకున్నా కొందరికి ఆ మందం పొద్దున టిఫిన్ వేళ దాకా వదలదు. అవి నడుస్తున్నన్నాళ్ళు, కాలు ఎంత బాగున్నా స్టీరింగ్ ముట్టుకోవద్దు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, ఎప్పుడు ఆపాలో సర్జన్‌గారినే అడగండి. ఉత్త పారాసిటమాల్‌తో నొప్పి అదుపులో ఉంటోందంటే మాత్రం దారిలో పడ్డట్టే.

ఇక ఎక్కడం దిగడం. సీటు పూర్తిగా వెనక్కి జరిపి, కాస్త వాల్చి, కారుకి వీపు పెట్టి నిలబడండి. సీటు అంచు పిక్కలకి తగిలాక కుడికాలు కొద్దిగా ముందుకి చాపి, చేతులు ఆనించుకుని కూర్చోండి. ఆ తర్వాతే రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. సీటు మీద ఒక ప్లాస్టిక్ సంచి పరిస్తే తిరగడం సులువవుతుంది. కానీ నడిపేముందు దాన్ని తీసేయండి, బ్రేకు వేస్తే జారతారు. మన దేశంలో డ్రైవరు తలుపు రోడ్డు వైపుకే తెరుచుకుంటుంది. మునుపు మూడు సెకన్లలో ఎక్కేసేవారు, ఇప్పుడు అరనిమిషం తలుపు తెరిచిపెట్టుకుని నిలబడాలి, పక్కనుంచి బైకులు రాసుకుంటూ పోతుంటాయి. అందుకని మెయిన్‌రోడ్డు మీద ఆపకుండా లోపలి సందులోనో, ఆవరణలోనో ఆపుకోండి.

చేతికర్ర ఎక్కడ పెడతారు? ఇది చాలామందికి తట్టదు. సీటు పక్కన ఆనించి పెట్టిన కర్ర మలుపులో జారి కాళ్ళ దగ్గరికి చేరుతుంది, బ్రేకు పెడల్ కింద అడ్డంపడితే ఇక పెడల్ దిగదు. కర్ర వెనక సీట్లో పడుకోబెట్టండి, నీళ్ళ సీసా కూడా. కాలికి వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో వేసుకోండి. హవాయి చెప్పులు వద్దు. చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు పెడల్ మీద పడకుండా చూసుకోండి. మొదటి నెలా చుడీదార్‌తో కానిచ్చేస్తే ఇంకా నయం.

విశాఖ పెళ్ళికొద్దాం. లెక్కేస్తే అప్పటికి మీకు కనీసం తొమ్మిది వారాలు నిండుతాయి. కాలు తీరుని బట్టి ఊళ్ళో డ్రైవింగ్ మొదలుపెట్టి ఉండొచ్చు. కానీ రాజమండ్రి నుంచి విశాఖ దాదాపు 190 కిలోమీటర్లు. ఎన్‌హెచ్ 16 మీద లారీల మధ్య అంతసేపు కుడికాలు ఒకే వంపులో ఉంచడం ఇంకా లేతగా ఉన్న మోకాలికి ఎక్కువే. నా మాట వింటే ఈసారికి డ్రైవర్ని పెట్టుకోండి, పెళ్ళిలో నిలబడాల్సిన కాళ్ళు అవి. రైలైనా నయమే. రత్నాచల్‌లోనో, సింహాద్రిలోనో వెళ్ళొచ్చు. చైర్‌కార్‌లో అయితే నడవా పక్క సీటు తీసుకుంటే కాలు చాపుకోవచ్చు, లేచి తిరగొచ్చు. బోగీ మెట్లు ఎత్తు కాబట్టి ఎక్కేటప్పుడు ఆపరేషన్ కానికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయినకాలు ముందు. పక్కన ఒక మనిషి ఉండాలి.

కారులో వెళ్తే, నడిపేది ఎవరైనా సరే, గంటకోసారి ఆపించి అయిదు నిమిషాలు నడవండి. అన్నవరం దగ్గర ప్రసాదానికి ఎలాగూ ఆగుతారు, తునిలో ఒకసారి, అనకాపల్లి దగ్గర ఇంకోసారి. కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. ఈ ఆపరేషన్ తర్వాత మొదటి మూడునెలలు కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలుకంటే ఎక్కువగా ఉంటుంది, కదలకుండా కూర్చుంటే అది ఇంకా పెరుగుతుంది. పిక్క బిగుసుకుని వాచి నొప్పి పెట్టినా, ఎర్రబడి వెచ్చగా తగిలినా ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. అప్పుడు పెళ్ళీ లేదు, ప్రయాణమూ లేదు.

మీ ఉత్తరంతో పాటే తుంటి మార్పిడి చేయించుకున్న ఇద్దరు ముగ్గురు కూడా ఇదే అడిగారు, వాళ్ళకీ ఇక్కడే ఒక మాట. తుంటికి కూడా మామూలుగా ఆరు వారాలే. కానీ వాళ్ళ బెడద బ్రేకు ఒక్కటే కాదు, సీటు ఎత్తు. ఆపరేషన్ వెనకవైపు నుంచి చేసి ఉంటే, కొత్త కీలు జారిపోకుండా తుంటిని 90 డిగ్రీలకంటే ఎక్కువ వంచవద్దనీ, కాలు మీద కాలు వేయవద్దనీ చెప్పి పంపుతారు. చిన్న కార్లలో సీటు కిందికి ఉండి మోకాళ్ళు తుంటికంటే పైకి లేస్తాయి. గట్టి దిండు వేసి కూర్చోండి, రివర్సు తీసేటప్పుడు నడుం మెలితిప్పకుండా అద్దాలు వాడండి. రెండు మోకాళ్ళూ ఒకేసారి చేయించుకున్నవాళ్ళు ఆరు వారాల మాట మరిచిపోయి ఇంకొంచెం ఓపిక పట్టాలి.

ఇప్పుడు మీ అబ్బాయి. మోకాలు మార్పించుకోవడం కారు అమ్మడానికి కారణం కాదు. అమ్మాలనుకుంటే నొప్పితో కాలు ఈడ్చుకుంటూ నడిపిన రోజుల్లో అమ్మాల్సింది, అప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు కాలు బాగుపడుతుంటే అమ్మడమేంటి? ఊళ్ళో ఒక మనిషి డాక్టరుకీ, బ్యాంకుకీ ఎవరినీ బతిమాలకుండా వెళ్ళగలగడం చిన్న విషయం కాదు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి అది అంతగా తెలియదు. అయితే అతని భయంలో పనికొచ్చే ముక్క కూడా ఉంది. ఈ రెండు నెలల విరామంలో కళ్ళు చూపించుకోండి. శుక్లాలు మొదలైతే రాత్రిపూట ఎదురు లైట్లు కళ్ళల్లో గుచ్చుకుంటాయి. లైసెన్సు కూడా తీసి చూడండి. 55 దాటినవాళ్ళకి ఇచ్చేది అయిదేళ్ళకే కాబట్టి మీది ముగింపుకి వచ్చి ఉండొచ్చు. రెన్యువల్‌కి డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. గడువు దాటి ఏడాది పైబడితే మళ్ళీ డ్రైవింగ్ టెస్టుకి వెళ్ళాలి.

రివ్యూలో సర్జన్‌గారు సరేనంటే ఆ మాట ప్రిస్క్రిప్షన్ మీద ఒక లైను రాయించుకోండి. తన జబ్బు వల్ల బండి నడిపితే జనానికి ప్రమాదమని తెలిసీ నడిపితే మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద మొదటిసారి 1,000 రూపాయలు, మళ్ళీ జరిగితే 2,000 దాకా జరిమానా ఉంది. జరిమానా పెద్దది కాదు గానీ, ఏదైనా చిన్న యాక్సిడెంట్ జరిగితే ఎదుటివాడు మీ చేతికర్ర చూసి మొదట అడిగేది అదే. ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగినా చూపించడానికి కాగితం ఉంటుంది.

స్కూటీకి కాలి బ్రేకు లేదు కదా, దాన్ని ముందు మొదలుపెట్టొచ్చా అని మీ మనసులో ఉండే ఉంటుంది. వద్దు. బండి ఆగిన ప్రతిసారీ మీ బరువూ దాని బరువూ కలిపి కాళ్ళే మోయాలి. అది ఒక పక్కకి ఒరిగిందంటే నిలబెట్టడానికి కుడికాలు అసంకల్పితంగా తన్నిపెట్టి మెలిపడుతుంది. సెంటర్ స్టాండ్ వేయడం ఇంకో గండం. కింద పడితే కొత్త కీలు చుట్టూ ఎముక విరగొచ్చు, దానికి చేసే ఆపరేషన్ మొదటిదానికంటే పెద్దది. సర్జన్లు కనీసం మూడునెలలు ఆగమంటారు, కొందరు అసలే వద్దంటారు. నన్నడిగితే కారు ఉంచుకోండి, స్కూటీ ఎవరికైనా అమ్మేయండి. మీ అబ్బాయికి ఏదో ఒకటి అమ్మిన తృప్తి కూడా దక్కుతుంది.